బీటిల్ కారుకు వేరే ఏటి బాడీ భాగాలు బిగించడం: ఏది అతుకుతుంది, ఏది అతకదు

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను దూరం నుంచి చూస్తే 1955 నాటిదీ, 1975 నాటిదీ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. మెక్సికోలోని ప్యూబ్లా కర్మాగారంలో 2003 జూలై 30న చివరి కారు బయటికి వచ్చేసరికి మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా బీటిళ్ళు తయారయ్యాయి. ఆకారం అలాగే ఉంది కాబట్టి ఏ ఏటి మడ్‌గార్డైనా ఏ కారుకైనా పడుతుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంతో భాగం కొని, తెచ్చి, పెట్టి చూస్తే అంగుళం తేడా కనిపిస్తుంది. ఆ తర్వాత కోత యంత్రం బయటికి వస్తుంది. నలభై యాభై ఏళ్ళు చెక్కుచెదరని రేకు ఒక్క సాయంత్రంలో పాడవుతుంది.

బీటిల్‌లో భాగాల మార్పిడి నిజంగానే సులువు. మడ్‌గార్డులు నాలుగూ బోల్టులతో బిగించినవే. తలుపులు, బానెట్, ఇంజన్ మూత కూడా విప్పదీయవచ్చు. అయితే ఏ భాగమూ ఒంటరిగా రాదు. మడ్‌గార్డు మారిస్తే లైటు మారుతుంది, లైటుతో వైరింగు, దానితో పాటు బంపర్ కూడా మారుతుంది. కాబట్టి ‘ఈ భాగం పడుతుందా’ అని కాక, ‘దీనితో పాటు ఇంకేం రావాలి’ అని అడగడం నేర్చుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

1. ముందు రెండు కార్ల ఏళ్ళు తేల్చుకోండి

బీటిల్ మోడల్ సంవత్సరం జనవరిలో మొదలుకాదు. వేసవి సెలవుల తర్వాత ఆగస్టులో కొత్త మోడల్ మొదలయ్యేది. 1956 మోడల్ నుంచి ఇదే పద్ధతి. అంటే 1967 అక్టోబరులో తయారైన కారు 1968 మోడల్ కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రంలో 1967 అని ఉండవచ్చు, కారు మాత్రం 1968ది. ఈ ఒక్క పొరపాటు వల్ల అక్కరకు రాని భాగాలు కొన్నవారు ఎందరో.

వెనక సీటు ఎత్తితే, కారు నేల మధ్యలో పొడవునా ఉబ్బెత్తుగా ఉండే సొరంగం మీద ఛాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. 1965 మోడల్ నుంచి దాన్ని చదవడం తేలిక. మొదటి రెండు అంకెలు కారు రకాన్ని చెబుతాయి: 11 అంటే మామూలు బీటిల్, 13 అంటే సూపర్ బీటిల్ (1970లో వచ్చిన, ముక్కు వేరుగా ఉండే రకం), 15 అంటే మడత టాపు కారు. మూడో అంకె మోడల్ సంవత్సరం. 118తో మొదలైతే 1968, 115తో మొదలైతే 1965. అంతకు ముందు కార్లకు వరస సంఖ్య మాత్రమే ఉంటుంది, దాన్ని ఏటివారీ పట్టికతో సరిచూసుకోవాలి.

మీ కారుకు ఇది సరిపోతుంది. భాగాలిచ్చే కారు విషయంలో ఆ నంబరును సగమే నమ్మాలి. పాత కారుకు ఇంతకు ముందే ఎవరో వేరే ఏటి మడ్‌గార్డు బిగించి ఉండవచ్చు. అక్కడ భాగం ఆకారాన్నే చదవాలి. కంపెనీ ముద్ర ఉన్న భాగమైతే మూడేసి అంకెల వరసలో నంబరు ఉంటుంది. మొదటి మూడూ మోడల్‌ను చెబుతాయి. తర్వాతి మూడూ భాగం జాతి: 821 మడ్‌గార్డులు, 823 బానెట్, 827 ఇంజన్ మూత, 831 తలుపులు. చివరి అంకె బేసి అయితే ఎడమవైపుది, సరి అయితే కుడివైపుది. చివర్లో అక్షరం ఉంటే ఆ భాగాన్ని తర్వాత సవరించారని అర్థం. ఎడమ కుడి ఎప్పుడూ డ్రైవరు సీటులో ముందుకు చూస్తూ కూర్చున్నట్టు లెక్క.

కారు ఏ దేశంలో తయారైందో కూడా చూడండి. జర్మనీలో 1964 ఆగస్టులో కిటికీ అద్దాలు పెద్దవి చేశారు. బ్రెజిల్‌లో మాత్రం చిన్న కిటికీల బాడీతోనే ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారుచేశారు. ఏడు ఒకటే అయినా పుట్టిన దేశం వేరైతే భాగం వేరు కావచ్చు.

2. దాటకూడని గీతలు

ఏటేటా ఏదో ఒక చిన్న మార్పు జరిగింది. అన్నిటినీ బట్టీపట్టనక్కర లేదు. బాడీ మార్పిడి చేసేవారికి ముఖ్యమైన గీతలు ఇవి.

1957 ఆగస్టు: కోడిగుడ్డు ఆకారపు వెనక అద్దం పోయి, వెడల్పాటి అద్దం వచ్చింది. 1953కు ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండేది. ఈ రెండు తొలి రకాల కార్లూ ఇప్పుడు అరుదు. వాటి మీద ఎటువంటి కోతా పెట్టవద్దు.

1964 ఆగస్టు: ముందు అద్దం, తలుపు అద్దాలు, పక్క అద్దాలు, వెనక అద్దం అన్నీ పెరిగాయి, వాటి మధ్య స్తంభాలు సన్నబడ్డాయి. తలుపులోని చిన్న తిప్పుడు అద్దం పక్కనున్న నిలువు పట్టీ ఏటవాలుగా మారింది. ఏ తలుపు ఏ కాలానిదో గుర్తుపట్టడానికి ఇదే తేలికైన ఆనవాలు.

1966 ఆగస్టు: అమెరికాకు వెళ్ళిన కార్లలో కరెంటు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారింది, మిగతా చాలా కార్లలో మరుసటి ఏడు మారింది. తలుపు గొళ్ళెమూ మారింది.

1967 ఆగస్టు: అన్నిటికంటే పెద్ద గీత. వాలు హెడ్‌లైట్లు పోయి నిటారు హెడ్‌లైట్లు వచ్చాయి. బంపర్లు చదరపు అంచులతో, పైకెత్తి వచ్చాయి. వాటికి చోటివ్వడానికి బానెట్, ఇంజన్ మూత పొట్టివయ్యాయి, వాటి కింది రేకులు పెరిగాయి. పెట్రోలు పోసే మూత బానెట్ కింద నుంచి బయటి పక్కకు వచ్చింది. అమెరికాకు వెళ్ళిన కార్లకు మాత్రం నిటారు లైట్లు ఏడాది ముందే వచ్చాయి, పాత బంపర్‌తోనే. కాబట్టి 1967 మోడల్ అమెరికా కారు భాగం దొరికితే రెండుసార్లు ఆలోచించండి.

1970 ఆగస్టు: 1302 సూపర్ బీటిల్ వచ్చింది. ముందు సస్పెన్షన్ మారి, ముక్కు పొడవై, బానెట్ వెడల్పై గుండ్రబడింది. 1972 ఆగస్టులో దాని స్థానంలో వచ్చిన 1303కు వంపు తిరిగిన ముందు అద్దం పెట్టారు. మామూలు బీటిల్ పాత ముక్కుతో పక్కనే కొనసాగింది. కాబట్టి 1970 తర్వాత ఏడు చెబితే సరిపోదు, మామూలుదా సూపరా అనేది కూడా చెప్పాలి.

3. తేడా ఏటిదా, తుప్పుదా?

భాగం కూర్చోకపోతే మనం ఏటి తేడా అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. తలుపుల కింద, రెండు పక్కలా నడిచే హీటర్ గొట్టాలే బీటిల్ బాడీకి వెన్నెముక. అవి తుప్పు పట్టి బలం కోల్పోతే బాడీ మధ్యలో కుంగుతుంది, తలుపు చుట్టూ సందు చెదురుతుంది. అప్పుడు అదే ఏటి, అదే కర్మాగారపు తలుపు తెచ్చినా పట్టదు.

అందుకే ఏదీ విప్పకముందు రెండు పరీక్షలు చేయండి. తలుపు సగం తెరిచి, కింది మూల పట్టుకుని పైకి లేపండి. కదలిక ఉంటే కీలు మేకు అరిగింది. కదలిక లేకుండానే వెనక పైమూల దగ్గర సందు ఇరుకై, కిందికి వచ్చేకొద్దీ వెడల్పైతే గొట్టాలను అనుమానించాలి. కార్పెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. ఇక బానెట్ తెరిచి, ఆ ఖాళీకి రెండు ఐమూలలూ టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే కారు ఎప్పుడో ముందు గుద్దుకుంది. ముందు ఆ పని తేల్చుకున్నాకే భాగాలు వెతకండి.

భాగాలిచ్చే కారును, మీ కారును ఒకేలా కొలవండి. ఒక బోల్టు రంధ్రం నుంచి ఇంకో బోల్టు రంధ్రానికి, అంచు నుంచి అంచుకు కొలవాలి. వంపు తిరిగిన చోట మందపాటి అట్టను కత్తిరించి నమూనా తీసుకోండి. మడ్‌గార్డు అంచు నమూనాను జేబులో మడిచి పెట్టుకుని వెళితే, పాత సామాన్ల గుట్టలో నిలబడే తేల్చుకోవచ్చు.

4. మడ్‌గార్డులు: వాలు లైట్లు కావాలంటే

ఎక్కువమంది అడిగే మార్పిడి ఇదే. కారు 1968 తర్వాతిది, లైట్లు మాత్రం పాత వాలువి కావాలి. మామూలు బీటిల్‌కు ఇది రేకు కోయకుండా చేయగల పని. సూపర్ బీటిల్‌కు కాదు. దాని ముక్కు రేకు వేరు, మడ్‌గార్డు కింది ముందు అంచు అక్కడ కలవదు. సూపర్ బీటిల్ ఉన్నవారు ఈ ఆశ వదులుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఆ కారు ముఖం దానికి అందం.

మామూలు బీటిల్ ఉంటే సేకరించాల్సినవి: 1967కు ముందు నాటి ముందు మడ్‌గార్డులు రెండు, వాటి హెడ్‌లైట్లు గిన్నెలతో సహా, మడ్‌గార్డు పైనుండే ఇండికేటర్లు రబ్బరు పీటలతో సహా, పాత బంపర్, దాన్ని మీ కారుకు బిగించే బ్రాకెట్లు. ఎత్తుగా ఉండే కొత్త బంపర్ బ్రాకెట్ దారి పాత మడ్‌గార్డులో లేదు, కాబట్టి బంపర్ సంగతి తేలకుండా మడ్‌గార్డు కొనవద్దు. కొత్తగా తయారుచేసి అమ్మే మడ్‌గార్డుల్లో రేకు పలచన, రంధ్రాల చోటు అటూ ఇటూ ఉంటుంది. కాస్త తుప్పు పట్టిన అసలు మడ్‌గార్డు దొరికితే దాన్నే బాగుచేసుకోండి. దాని వంపు కరెక్టుగా ఉంటుంది.

విప్పే పని వారం ముందే మొదలుపెట్టండి. చక్రం తీసి, కారును స్టాండు మీద నిలిపి, మడ్‌గార్డు లోపలి అంచు వెంట ఉన్న తొమ్మిది పది బోల్టుల చుట్టూ తీగ బ్రష్‌తో మట్టి దులపండి. తుప్పు వదిలించే నూనె చల్లండి, మర్నాడు మళ్ళీ చల్లండి. బోల్టులు 8 మిల్లీమీటర్లవి, తలకు 13 స్పానర్ పడుతుంది. నట్టు బాడీలోనే అతికి ఉంటుంది. ఇక్కడే తొందరపాటు పనికిరాదు. బోల్టును ఒకే పట్టున తిప్పితే అతికిన నట్టు లోపల ఊడి తిరగడం మొదలవుతుంది, లేదా బోల్టు మెడ తెగుతుంది. పావు చుట్టు విప్పి, ఎనిమిదో వంతు బిగించి, మళ్ళీ పావు చుట్టు విప్పండి. గరగరమనే చప్పుడు తగ్గేకొద్దీ దారి ఇస్తుంది. చివర్లో రన్నింగ్ బోర్డును (తలుపు కింద ఉండే అడుగు పలకను) కలిపే బోల్టు మరిచిపోకండి. దాని మధ్య రబ్బరు వాషర్ ఉంటుంది.

బోల్టు కదలకపోతే మంట పెట్టాలని అనిపిస్తుంది. ముందు మడ్‌గార్డు దగ్గర మంట వద్దు. ఆ రేకుకు అవతల బానెట్ కింద పెట్రోలు ట్యాంకు ఉంది. అంత మొండి బోల్టైతే ట్యాంకు తీసి దూరంగా పెట్టాలి, లేదా తల కోసేసి తర్వాత డ్రిల్లుతో మిగిలింది తీయాలి. బ్యాటరీ వైరు పని మొదలుపెట్టే ముందే తీసేయండి. బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. సీటు స్ప్రింగు దాని కొసలకు తగిలితే నిప్పు రేగుతుంది కాబట్టి దాని మూత ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

మడ్‌గార్డు ఊడాక బాడీలోని ప్రతి నట్టులో 1.25 పిచ్ (దారుల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు) ఉన్న ట్యాప్ అనే దారులు కోసే పనిముట్టు తిప్పి శుభ్రం చేయండి. పాత బోల్టులు మళ్ళీ వాడవద్దు. కొత్త మడ్‌గార్డును ముందు పై మధ్య బోల్టుతో వేలాడదీసి, రెండు చివరి బోల్టులూ వదులుగా పెట్టి, మిగిలినవన్నీ నాలుగు చుట్లు మాత్రం తిప్పండి. అన్నీ ఎక్కాకే ఏదైనా బిగించాలి. మొదటి బోల్టునే బిగిస్తే చివరి రంధ్రం తప్పకుండా తప్పుతుంది. మడ్‌గార్డుకూ బాడీకీ మధ్య రబ్బరు బీడింగ్‌ను అన్ని బోల్టులూ వదులుగా ఉన్నప్పుడే దూర్చాలి. బోల్టులు కూర్చునేలా దానికి గాట్లు ఉంటాయి.

లైట్ల వైర్లు బాడీ రంధ్రంలోంచి రబ్బరు గొట్టం గుండా రావాలి. గొట్టం లేకుండా లాగితే రేకు అంచు వైరును కోస్తుంది. మరో చిక్కు ఎర్త్. జర్మన్ కార్లలో గోధుమ రంగు వైరు ఎర్త్. పాత ఇండికేటర్లు చాలావాటికి ఆ వైరు ఉండదు, వాటి లోహపు తొడుగు మడ్‌గార్డుకు తగిలి ఎర్త్ అందుకుంటుంది. కొత్తగా రంగు వేసిన మడ్‌గార్డు మీద ఆ దారి మూసుకుపోతుంది, ఇండికేటర్ మినుకుమంటుంది. స్క్రూ కింద రంగు కొద్దిగా గీకండి, లేదా ఒక గోధుమ వైరు కలపండి. లైట్లు 6 వోల్టుల కారువైతే బల్బులు మార్చడం తప్పనిసరి.

వెనక మడ్‌గార్డులకు ఇంత శ్రమ లేదు. అక్కడ లైటు పీఠం ఆకారమే తీర్పు. 1973 మోడల్ నుంచి వచ్చిన పెద్ద గుండ్రటి లైట్లకు రేకులోనే ప్రత్యేక ఉబ్బు ఉంది. లైటు, మడ్‌గార్డు జతగా తీసుకుంటే చాలు.

5. తలుపులు

తలుపు కీళ్ళను స్తంభానికి పట్టి ఉంచేవి పెద్ద ప్లస్ స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నిస్తే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ తప్పనిసరి. విప్పే ముందు కీలు చుట్టూ మార్కరుతో గీత గీయండి. తలుపు బరువు తెలియక మీద పడుతుంది, కాబట్టి ఒకరు పట్టుకోవాలి. తలుపు మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీని ముందే తీసేయండి.

1964 ఆగస్టు గీతకు ఇటు తలుపును అటు కారుకు పెట్టవద్దు. కీలు మీద వేలాడినంత మాత్రాన తలుపు కుదిరినట్టు కాదు. కిటికీ పైగీత పక్క అద్దం గీతతో కలవాలి, రబ్బరు అంతటా ఆనాలి. అది కుదరదు. ఒకే కాలపు తలుపుల్లో కూడా గొళ్ళెం మారిన ఏళ్ళున్నాయి. 1967 మోడల్‌లో గొళ్ళెం, 1968 మోడల్‌లో బయటి పిడి మారాయి. అందుకే తలుపు కొన్నప్పుడు స్తంభం మీద గొళ్ళెం పడే పలకను కూడా ఆ కారు నుంచే విప్పి తెచ్చుకోండి. దాని స్క్రూ రంధ్రాలు మీ స్తంభంతో కలవకపోతే తలుపు గొళ్ళేన్నే మీ పాతదానితో మార్చగలరేమో చూడండి. అదీ కాకపోతే ఆ తలుపు వద్దు. నడుస్తున్న కారులో తెరుచుకునే తలుపు కంటే తుప్పు తలుపు నయం.

బిగించేటప్పుడు గొళ్ళెం పలక తీసేసి, తలుపును కీళ్ళ మీదే సర్దండి. వెనక అంచు సందు పై నుంచి కింది వరకు సమానంగా వచ్చి, తలుపు మీది గీత వెనక బాడీ గీతతో కలిశాకే పలక పెట్టాలి. పలకతో తలుపును పైకి లాగి సందు సరిచేస్తే కొన్నాళ్ళకు కీలు అరుగుతుంది.

6. బానెట్, ఇంజన్ మూత

ఇక్కడ నాలుగు బానెట్లు గుర్తుంచుకుంటే చాలు: 1967 వరకు పొడవాటిది, 1968 నుంచి మామూలు కారుకు పొట్టిది, 1302కు వెడల్పుది, 1303కు వెడల్పై అద్దం వైపు పొట్టిది. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. పొడవాటి బానెట్ పెట్టాలంటే కింది ముక్కు రేకును కోసి పాతదాన్ని వెల్డింగ్ చేయాలి. ముక్కు ఇప్పటికే తుప్పు పట్టి మార్చాల్సిన కారుకు అది సబబు. మంచి ముక్కును అందం కోసం కోయడాన్ని నేను సమర్థించను.

బానెట్‌ను ఒక్కరే తీయవద్దు. ఇద్దరు రెండు వైపులా నిలబడి, కీలు బోల్టుల చుట్టూ గీత గీసి, మూలల కింద గుడ్డ పెట్టి విప్పండి. కొత్తది పెట్టాక మొదటిసారి గట్టిగా మూయవద్దు. గొళ్ళెం పట్టి తెరుచుకోకపోతే లోపలి నుంచి తీసే దారి కష్టం. గొళ్ళెం వదిలేసి సందులు సర్దండి, చివర్లో గొళ్ళెం బిగించండి.

ఇంజన్ మూతలోనూ 1967 ఆగస్టు గీత అలాగే వర్తిస్తుంది. తర్వాతి కొన్ని మూతలకు గాలి చీలికలు ఉంటాయి. వాటి గుండా వాననీరు ఇంజన్ మీద పడకుండా లోపల నీటి పళ్ళెం ఉందో చూసుకోండి. మూత కంటే ముఖ్యం ఇంజన్ చుట్టూ ఉండే రబ్బరు. ఈ ఇంజన్ గాలితో చల్లబడుతుంది. కింది వేడి గాలి పైకి రాకుండా ఆపేది ఆ రబ్బరే. మూత మార్చినప్పుడు అది చినిగి ఉంటే వెంటనే కొత్తది వేయండి.

7. రంగుకు ముందు ఒకసారి పూర్తిగా

అన్ని భాగాలూ ప్రైమర్ మీదే బిగించి, బంపర్లతో సహా నిలబెట్టి చూడండి. వరస ఇలా ఉంటే తేలిక: ముందు తలుపులు, తర్వాత బానెట్, ఇంజన్ మూత, మడ్‌గార్డులు, రన్నింగ్ బోర్డులు, చివర్లో బంపర్లు. ముందు చక్రాలు రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. అన్నీ కుదిరాక మళ్ళీ విప్పి రంగు వేయించాలి. రెట్టింపు పని అనిపించినా రంగు వేశాక రంధ్రం సాగదీయడం, అంచు వంచడం ఎవరూ చేయలేరు. మడ్‌గార్డు లోపలి వైపు, బోల్టు అంచుల మీద కూడా రంగు పడాలి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

చివరి బిగింపులో ప్రతి బోల్టుకు వెడల్పాటి వాషర్, దారికి కొద్దిగా గ్రీజు రాయండి. పొడవాటి స్పానర్ వాడవద్దు, మామూలు స్పానర్‌తో చేతి బిగువు చాలు. ఆ తర్వాత నీళ్ళ పైపుతో తలుపులు, బానెట్ అంచుల మీద పది నిమిషాలు నీళ్ళు వదిలి, లోపల కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. చాసిస్ నంబరు ఉన్న భాగాన్ని ఎప్పుడూ తాకవద్దు, మరో కారుకు మార్చవద్దు. రంగు మారితే రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించండి.

కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక మడ్‌గార్డు బోల్టులన్నీ మరోసారి బిగించండి. రబ్బరు బీడింగ్ నలిగి సర్దుకున్నాక అవి తప్పకుండా కాస్త వదులవుతాయి. విప్పిన పాత భాగాలకు ఏడు, వైపు, ఛాసిస్ నంబరు రాసిన చీటీ కట్టి, నూనె పూసి పొడిచోట దాచండి. రేపు కారును మళ్ళీ మొదటిలా చేయాలనుకునేవారికి అవే కావాలి.